నవ్వుతూ కాదనడం నేర్పిన మూడు రోజులు

ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. ఒకసారి ప్రయత్నించాను, ఒంటికి సరిపడలేదు, దద్దుర్లు వచ్చాయి. నేను చెప్పేదాన్ని మా ఆవిడ నాలుగుతో భాగించి వింటుంది. మా అత్తగారు ఎనిమిదితో భాగిస్తుంది. మా ఇంటి ఓనరు అసలు వినడు. మీరూ మీ శక్తికొద్దీ భాగించుకోండి. ఈ కథనంలో ఏనుగు కనిపించిన చోట కనీసం మేకైనా ఉంది. మేక కూడా లేకుండా నేను పూర్తిగా కల్పించిన చోటు ఒక్కటే ఒక్కటి. అది ఏదో ఇప్పుడే చెబితే మీరు దాన్ని దాటేసి పోతారు. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. అందుకని చివర చెప్తాను.

మాది నంద్యాల. ఈ ప్రయాణానికి కారణం ప్రకాశరావు. నాతోపాటు కాలేజీలో చదివి, ఇప్పుడు తాడేపల్లిగూడెంలో కాపురముంటూ రాజనీతి శాస్త్రం పాఠాలు చెప్పుకుంటున్న అమాయకుడు. "ఒరేయ్, పోలీసులకి పౌరశాస్త్రం చెప్తున్నాం" అన్నాడు ఫోనులో, పెళ్లి సంబంధం కుదిరినంత సంబరంగా. ఏలూరులో మూడు రోజుల క్లాసులట. ప్రజాస్వామ్యంలో పోలీసు ఎవరు, పౌరుడు ఎవరు, ఎవరి జీతం ఎవరిస్తున్నారు, ఇలాంటి సంగతులు. "ఆఖరి రోజు ఓ గంట నువ్వు మాట్లాడాలి. స్టేషనుకొచ్చిన మనిషితో నవ్వుతూ ఎలా మాట్లాడాలో చెప్పు. నీ మీద నాకు నమ్మకం."

ముప్ఫై ఏళ్లుగా హాస్యం రాస్తున్నాను. నా మీద నమ్మకముందని ఇంతవరకూ ఎవరూ అనలేదు. పెట్టె సర్దాను.

గూడెం: ఉల్లిపాయల మధ్య మర్యాద

తాడేపల్లిగూడెం స్టేషనులో దిగేసరికి నా కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. ఊరిమీద ప్రేమ అనుకోకండి. అక్కడి ఉల్లిపాయల మార్కెట్టు ఘాటు ప్లాట్‌ఫారం దాకా వచ్చి ప్రయాణికుల్ని ఎదురుకోలు చేసి తీసుకెళ్తుంది. ఆ ఊళ్లో ఉల్లిపాయల బస్తాలు ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతే చందమామ దాకా వెళ్లి, దాన్ని కూడా ఏడిపించి వస్తాయి.

ప్రకాశరావు ఏలూరులో క్లాసులో ఉన్నాడు, సాయంత్రానికిగాని రాడు. స్టేషను పక్క హోటల్లో అరవై రూపాయల ఉప్మా పెసరట్టు తిన్నాను. మా నంద్యాలలో దోసె అంటే విస్తరిలో ఒక మూల కూర్చునేది. ఇక్కడి పెసరట్టు నా విస్తరి దాటి పక్కాయన విస్తరిలోకి వెళ్లింది. ఆయన ఏమీ అనుకోలేదు. "పర్లేదండి, మడతపెట్టుకోండి" అన్నాడు. అలా పరిచయమైనవాడు కృష్ణమూర్తిగారు. ఉల్లిపాయల కొట్టు యజమాని. తిన్నాక తన కొట్టుకి తీసుకెళ్లి, బస్తా మీద తుండు పరిచి కూర్చోబెట్టాడు.

నేను వచ్చిన పని చెప్పాను. ఆయన ఉల్లిపాయ ఒకటి తీసి పొట్టు వలవసాగాడు.

"పోలీసులకి మర్యాద నేర్పుతారాండి?"

"అవునండీ."

"ఈ వైపు వాళ్లకాండి?"

"అవును. ఏం?"

"ఏం లేదండి. చేపకి ఈత నేర్పడానికి నంద్యాల నుంచి వచ్చారు కదా, చార్జీలు ఎంతయ్యాయా అని."

నాకు అర్థం కాలేదు. మా వైపు స్టేషను గుమ్మంలో కాలుపెడితే "ఏందప్పా?" అంటారు. ఆ ఒక్క ముక్కలో స్వాగతం, విచారణ, తీర్పు మూడూ అయిపోతాయి. అలాంటి చోట మర్యాద నేర్పితే కొత్తే కదా అన్నాను.

"మీది మంచి పద్ధతండి. పని అవ్వదని గుమ్మంలోనే తెలిసిపోద్ది" అన్నాడు కృష్ణమూర్తిగారు. "మాకిక్కడ ఎదుటి మనిషి మొహం మీద లేదని చెప్పడం రాదండి. 'చూద్దాం లెండి' అన్నామంటే అవ్వదని. 'అలాగేనండి' అంటే అసలవ్వదని. 'మీరు చెప్పాక తప్పుతుందాండి' అన్నామనుకోండి, ఇంక మీరా పని మర్చిపోయి హాయిగా ఊరెళ్లిపోవచ్చు."

"మరి అయ్యే పనికి ఏమంటారు?"

"అయ్యే పనికి మాటలెందుకండి? చేసేస్తాం."

లేచి వస్తుంటే నాలుగు కిలోల ఉల్లిపాయలు సంచిలో పోసి చేతిలో పెట్టాడు. వద్దన్నాను. "అలాగేనండి" అని ఇంకో కిలో వేశాడు.

ఏలూరు: పెళ్లిపీటల మీద ప్రజాస్వామ్యం

మర్నాడు, అంటే క్లాసుల ఆఖరి రోజున, ప్రకాశరావుతో కలిసి ఏలూరు వెళ్లాను. క్లాసులు ఒక కల్యాణ మండపంలో. క్రితం రాత్రి అక్కడ రిసెప్షనేదో జరిగిందట. వేదిక మీద వధూవరుల సింహాసనాలు రెండూ అలాగే ఉన్నాయి. ఒకదాంట్లో పెద్ద అధికారి కూర్చున్నారు. రెండోదాంట్లో నన్ను కూర్చోబెట్టారు. మా ఇద్దరి వెనక థర్మాకోల్ నెమలి. "పౌరుడే ప్రభువు" అని బ్యానరు. బ్యానరు గోడకంటే పొడుగు కావడంతో 'పౌరుడే' అన్న భాగాన్ని స్తంభం వెనక్కి మడిచేశారు. హాల్లోంచి చూస్తున్నవాళ్లకి 'ప్రభువు' ఒక్కటే కనిపిస్తోంది, సరిగ్గా అధికారి నెత్తిమీద.

కింద రెండు వందలమంది పోలీసులు. నాలుగుతో భాగించుకుంటే యాభైమంది. అందులో మేలుకుని ఉన్నవాళ్లని దేనితోనూ భాగించనక్కర్లేదు, వేళ్లతో లెక్కపెట్టవచ్చు. ఒకప్పుడు పేరు మోసిన ఏలూరు తివాచీని నా కాళ్లకింద పరుస్తారేమో అనుకున్నాను. ప్లాస్టిక్ పట్టా పరిచారు. దానిమీద "మేడిన్" అని ఉంది, ఏ దేశమో అరిగిపోయింది.

పొద్దున్న నాటకం వేయించారు. ఒకరు పోలీసు, ఒకరు ఫిర్యాదు చెయ్యడానికి వచ్చిన పౌరుడు. పోలీసు వేషానికి అందరూ చేతులెత్తారు. పౌరుడి వేషానికి ఒక్కరూ ఎత్తలేదు. చీట్లు వేశారు. చీటీ తగిలిన కానిస్టేబుల్ కుర్రవాడు కాసేపు బతిమాలుకుని, చివరికి తప్పక లేచాడు. లేచినవాడు లేచినట్టే చేతులు కట్టుకుని, నడుము సగానికి వంచి, గొంతు సన్నం చేసుకుని వేదిక ఎక్కాడు.

"అలా వంగకూడదండీ. మీరు పౌరులు. నిటారుగా నిలబడండి" అన్నాడు ప్రకాశరావు.

"వంగకపోతే పౌరుడని ఎలా తెలుస్తుందండి?" అన్నాడు వాడు. వేళాకోళం కాదు. నిజంగానే అడిగాడు.

మూడు రోజుల క్లాసుల్లో తెలివైన ప్రశ్న అదొక్కటే. దానికి జవాబు పాఠంలో లేకపోవడంతో టీ విరామం ఇచ్చారు.

టీ తర్వాత ప్రశ్నోత్తరాల పోటీ. ఇక్కడే హెడ్ కానిస్టేబుల్ సత్యనారాయణ మనకి తగులుతాడు. కొల్లేటి ఒడ్డున ఒక స్టేషనులో పనిచేస్తాడు. ఏ స్టేషనో చెప్పను. మనిషి గుండ్రంగా, శుభ్రంగా, తలంటుకుని వచ్చిన పెళ్లిపెద్దలా ఉంటాడు. ప్రశ్న పూర్తికాకుండానే లేచేవాడు.

"నేరం జరిగిన చోటు మీ స్టేషను పరిధిలోకి రాదనుకోండి. ఫిర్యాదు తీసుకోనని చెప్పవచ్చా?" అని అడిగాడు ప్రకాశరావు మైకులో.

"కుదరదండి" అన్నాడు సత్యనారాయణ, ఇంకో మైకు అందుకుని. "ఎక్కడ జరిగినా, ఏ స్టేషనుకొచ్చినా ముందు రాసుకోవాల్సిందేనండి. దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారండి. రాసుకుని, తర్వాత ఆ పరిధి స్టేషనుకి పంపాలండి. ఫిర్యాదు ఇచ్చినోళ్లకి కాపీ ఊరికే ఇవ్వాలండి. చదివి వినిపించాలండి."

హాలు దద్దరిల్లింది. నిద్రపోతున్నవాళ్లు కూడా నిద్రలోనే చప్పట్లు కొట్టారు. అధికారి సింహాసనం దిగివచ్చి సత్యనారాయణకి గోడగడియారం బహూకరించారు. ప్రకాశరావు కళ్లు చెమర్చాయి. నావీ చెమర్చాయిగాని, అది సంచిలో ఉన్న ఉల్లిపాయల వల్ల.

ఆ తర్వాత నా గంట. ఏం చెప్పానో తలచుకుంటే ఇప్పుడు నాకే చెవులు ఎర్రబడతాయి. వచ్చిన మనిషిని కూర్చోమనండి అన్నాను. మంచినీళ్లు ఇవ్వండి, టీ చెప్పండి, పేరు చివర గారు తగిలించండి, అన్నిటికంటే ముఖ్యం నవ్వండి అన్నాను. నవ్వితే సగం ప్రజాస్వామ్యం వచ్చేసినట్టే అని కూడా అన్నాను. మిగతా సగం ఎక్కడినుంచి వస్తుందో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. సత్యనారాయణ మాత్రం ముందు వరుసలో కూర్చుని నోట్సు రాసుకున్నాడు. నాకు శాలువా కప్పి, ప్లాస్టిక్ న్యాయదేవత త్రాసు ఇచ్చారు. దాని ఒక పళ్లెం బస్సెక్కేలోపే ఊడిపోయింది.

గేటు దగ్గర గంగారత్నం

భోజనంలో పదహారు రకాలు. పదహారో రకం తినేసరికి మొదటి రకం ఏమిటో మర్చిపోయాను. భుక్తాయాసంతో గాలికోసం గేటు దగ్గరికి వస్తే, అక్కడ లౌడ్ స్పీకరు కింద అరుగుమీద ఒకావిడ కూర్చుని ఉంది. నలభై అయిదేళ్లుంటాయి. ఒడిలో ప్లాస్టిక్ సంచి, అందులో మడతపెట్టిన కాగితం.

"లోపల క్లాసు అయిపోయిందాండి?" అని అడిగింది.

"భోజనాలవుతున్నాయి. మీరెవరమ్మా?"

పేరు గంగారత్నం. మండవల్లి నుంచి కొల్లేటి వైపు వెళ్తే వచ్చే ఊళ్లలో ఒకటి ఆవిడది. సరస్సులో వల వేసి చేపలు పట్టడం బతుకు. నాలుగు రోజుల క్రితం, గట్టు పక్కన కట్టుకున్న ఆవిడ చిన్న పడవని, దోనెని, పక్కనున్న చేపలచెరువు కాపలావాళ్లు తాడు కోసి తీసుకుపోయారు. తమ చెరువువైపు వస్తోందని కోపం. ఆ చెరువుగల ఆసామి పేరు చెప్పడానికి కూడా ఆవిడ గొంతు తగ్గించి "ఆయనగారు" అంటోంది.

"స్టేషనుకి వెళ్లలేదా?"

"వెళ్లానండి. మొన్నా వెళ్లానండి, నిన్నా వెళ్లానండి. సార్లందరూ జనం హక్కుల క్లాసుకెళ్లారు, వచ్చాక రమ్మన్నాడండి అక్కడున్న అబ్బాయి. సర్లే క్లాసు ఎక్కడో అక్కడికే పోదామని వచ్చేశానండి."

మీరు మళ్లీ చదవండి. ఆవిడ హక్కు ఆవిడకి దొరకకపోవడానికి కారణం, ఆ హక్కు గురించి వాళ్లు నేర్చుకుంటూ ఉండటం. ఇది నేను పెంచింది కాదు. ఇంత గొప్పది పెంచే శక్తి నాకు లేదు.

సత్యనారాయణ చెయ్యి కడుక్కుని అటే వచ్చాడు. ఆవిడని చూసి, నా పాఠం ప్రకారం ముప్ఫై రెండు పళ్లూ చూపించాడు. "గంగారత్నంగారూ, ఇంత దూరం వచ్చారేంటండి. రేపు పొద్దున్నే స్టేషనుకి రండి. అలాగే చూసేద్దాం లెండి."

అతను వెళ్లాక గంగారత్నం నావైపు తిరిగింది. "నన్ను గారు అని పిలిచినోళ్లెవరూ ఇంతవరకూ నాకు పని చేసిపెట్టలేదండి" అంది. మళ్లీ తనే, "దోనె లేకపోతే నేను ఇంకొకళ్ల దోనెలో కూలికెళ్లాలండి. ఈ వయసులో ఎవరెక్కించుకుంటారండి. మీరు వాళ్లకి పాఠం చెప్పినోరు. రేపు పక్కనుండి ఒక్క మాట అంటే చాలండి."

"ఒక్క మాటేమిటమ్మా, ఉపన్యాసమే ఇస్తాను" అన్నాను. శాలువా ఇంకా భుజం మీదే ఉంది. శాలువాకి ఆ గుణం ఉంది.

కొల్లేరు: నీళ్లలో మునిగిన సరిహద్దు

క్లాసులు అయిపోయాక, నా ప్రయాణంలో మూడో రోజు పొద్దున్నే కైకలూరు బస్సెక్కాను. సరస్సు మధ్యనుంచే రోడ్డు. వానలు పడి ఉన్నాయి, ఇటూ అటూ నీళ్లే. గూడబాతుల్ని చూశాను. ఒక్కొక్కటి ఆటో అంత ఉంది. దాని ముక్కు కింద సంచి చూస్తే మా ఊరి సంతకి వెళ్లే జట్కావాడు సిగ్గుపడతాడు. ఐసు, చేపలు నింపుకున్న వ్యాన్లు నీళ్లు కార్చుకుంటూ మమ్మల్ని దాటిపోయాయి. కొరమేను కిలో ఎంతని పక్కసీటాయన్ని అడిగితే, "మీకైతే నాలుగొందలండి, మేమైతే అడగమండి" అన్నాడు. మా నంద్యాలలో చేపని ఆదివారం చూస్తాం. ఇక్కడ చేప కనపడని చోటు వెతకాలంటే ఆకాశంలోకి చూడాలి, అక్కడా కొంగ నోట్లో ఒకటి ఉంటుంది.

కైకలూరులో గంగారత్నం ఎదురొచ్చింది. మండవల్లి వైపు ఆటోలో మనిషికి ఇరవై. దిగి, చెరువు గట్ల మీద నడక.

"సరస్సు ఎక్కడమ్మా? అన్నీ చెరువులే కనిపిస్తున్నాయి" అన్నాను.

"మీరు నడుస్తున్నదే సరస్సండి. గట్లు వేసేశారు" అంది.

ఈ జ్ఞానోదయానికి తల ఊపుతూ పక్కకి అడుగేశాను. అది గట్టు కాదు. గట్టులా కనిపించే గుర్రపుడెక్క. నడుము దాకా కూరుకుపోయాను. మా ఆవిడ భాగహారం ప్రకారం మోకాలి దాకా. ఆ బురద వెనక్కి లాగేటప్పుడు చేసిన చప్పుడు ఏలూరు కల్యాణ మండపం దాకా వినబడి ఉంటుంది. గంగారత్నం వెదురుగడ అందించి లాగింది. నేను వచ్చాను. కుడికాలి చెప్పు రాలేదు.

"ఎడమది కూడా వదిలెయ్యండి. ఒకటి ఉంటే ఉపయోగమేముందండి" అంది. ఆ చెప్పులు ఆరువందలు. వదిలేశాను.

దోనె కట్టుకున్న చోటు చూపించింది. నీళ్లలో ఒక కర్ర పాతి ఉంది. కర్రకి తెగిన తాడు.

"ఆ రాయి కనపడతందాండి?"

"ఏ రాయి?"

"అదేనండి, కనపడదు. ఎండాకాలం కనపడుద్ది. రాయికి ఇటు ఒక స్టేషను, అటు ఇంకో స్టేషను. వానలకి రాయి మునిగిపోద్ది. మునిగాక ఇటోళ్లు అటేమో అంటారు, అటోళ్లు ఇటేమో అంటారు. పోయినేడు మా పక్కింటోళ్ల వలలు పోయినప్పుడూ ఇదే."

"మరి రాయి తేలినప్పుడు ఫిర్యాదు ఇవ్వచ్చుగా?"

గంగారత్నం నన్ను జాలిగా చూసింది. "రాయి తేలిందంటే నీళ్లు పోయినట్టేగదండి. నీళ్లు లేనప్పుడు దోనెలెందుకు తిరుగుతాయి, ఎందుకు పోతాయండి?"

మహానుభావులు దేశాల సరిహద్దులు గీశారు, కొండల మీద గీశారు, ఎడారుల్లో గీశారు. దొంగతనం జరిగే నెలల్లో మాత్రం మాయమై, జరగని నెలల్లో ప్రత్యక్షమయ్యే సరిహద్దుని గీసిన మేధావి ఎవరో, ఆయన విగ్రహం ఎక్కడైనా ఉంటే చెప్పండి, దండ వేసి వస్తాను.

స్టేషను

పదిన్నరకి వెళ్లాం. నేను వట్టికాళ్లతో, మోకాళ్ల దాకా బురదతో, శాలువాతో. గుమ్మం పక్కన కొత్త బోర్డు: "దయచేసి కూర్చోండి. మీ సేవలో మేము." దానికింద కొత్త కుర్చీ, ఇంకా ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. గోడమీద బహుమతి గడియారం అప్పుడే ఎక్కింది. ఎస్సైగారు బందోబస్తుకి వెళ్లారట. బల్ల వెనక సత్యనారాయణ.

"రండి సార్, రండి. గంగారత్నంగారూ, కూర్చోండమ్మా. ఒరేయ్, రెండు టీలు."

నేను కూర్చున్నాను. గంగారత్నం కూర్చోలేదు.

"కూర్చోండమ్మా, మన స్టేషనే."

"పర్లేదండి. కూర్చుంటే మాటల్లో పడిపోతాం. కాగితం తెచ్చానండి, రాసుకోండి."

సత్యనారాయణ కాగితం అందుకున్నాడు, రెండు చేతులతో, ప్రసాదం తీసుకున్నట్టు. చదివాడు. ఆసామి పేరు వచ్చిన చోట ఒకసారి ఆగి, మళ్లీ మొదటినుంచి చదివాడు. నవ్వు చెదరలేదు.

"ఇది మన పరిధి కాదండమ్మా. రాయికి అవతల."

"నిన్న మీరు మైకులో చెప్పారు కదండి. ఎక్కడ జరిగినా రాసుకోవాల్సిందేనని. నేను గేటు దగ్గర విన్నానండి. గడియారం కూడా ఇచ్చారండి."

పక్కనున్న కానిస్టేబుళ్లు గడియారం వైపు చూసి, గబుక్కున ఫైళ్లలోకి చూశారు.

"అది క్లాసమ్మా" అన్నాడు సత్యనారాయణ, పసిపాపకి నచ్చజెప్పినంత మృదువుగా. "క్లాసులో అడిగితే క్లాసు సమాధానం చెప్తాం. ఇది స్టేషను. ఆయనగారితో ఒక మాట మాట్లాడి చూద్దాం లెండి. దోనె ఎక్కడికి పోద్ది? సోమవారం రండి."

"సోమవారం దాకా నేనేం తినాలండి?"

"అయ్యో, అంతమాటంటారేంటండి." అని నావైపు తిరిగాడు. "చూశారా సార్. మీరు చెప్పినట్టే నవ్వుతూనే మాట్లాడుతున్నాను. ఒకప్పుడైతే ఈపాటికి నాలుగు కేకలేసి పంపేసేవాణ్ణండి. మీ క్లాసువల్ల ఎంత మార్పు వచ్చిందో చూడండి."

గంగారత్నం నావైపు చూసింది. ఒక్క మాట కోసం.

అప్పుడు నేను లేచాను. శాలువా సర్దుకున్నాను. నేను లేచిన ఊపుకి ఫ్యాను ఆగిపోయింది. "సత్యనారాయణగారూ!" అన్నాను. ఆ కేకకి కొల్లేటిలో ఉన్న గూడబాతులన్నీ ఒక్కసారి లేచి సైబీరియా దారి పట్టాయి. జీరో ఎఫ్ఐఆర్ అంటే ఏమిటో, చట్టం ఏమంటుందో, రాసుకోకపోతే ఏమవుతుందో గుక్క తిప్పుకోకుండా పావుగంట చెప్పాను. రాజ్యాంగ పీఠికని కంఠతా అప్పజెప్పాను. కానిస్టేబుళ్లు అటెన్షన్లో నిలబడ్డారు. లాకప్పులో ఉన్న ఒకతను చప్పట్లు కొట్టాడు. సత్యనారాయణ కళ్లనీళ్లు తుడుచుకుని, పుస్తకం తెరిచి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా రాసి, కాపీని ఆవిడ చేతిలో పెట్టాడు. "మీరు నా కళ్లు తెరిపించారు" అన్నాడు నాతో.

కల్పన ఎక్కడంటే

కనిపెట్టేసి ఉంటారు. పైన ఉన్న పేరాయే.

నేను లేవలేదు. గంగారత్నం నావైపు చూసినప్పుడు నేను టీ కప్పులోకి చూశాను. కప్పులో చూడటానికేమీ లేదు, టీ ఎప్పుడో అయిపోయింది. ఎందుకు లేవలేదంటే, అతను నాతో అంత మర్యాదగా మాట్లాడాక కాదని ఎలా అనడం? సార్ అన్నాడు, టీ ఇచ్చాడు, నా పాఠం మెచ్చుకున్నాడు. మర్యాద ఎవరి నోరు మూయించడానికి పనికొస్తుందో నాకు ఆ కుర్చీలో కూర్చుని తెలిసింది.

జరిగింది ఇది. గంగారత్నం అలాగే నిలబడింది. పదకొండైంది, పన్నెండైంది. కూర్చోమని నలుగురూ చెప్పారు. మంచినీళ్లు ఇచ్చారు, తాగి గ్లాసు బల్లమీద పెట్టి మళ్లీ నిలబడింది. పనికి అడ్డం రాలేదు, గొంతు పెంచలేదు. ఒంటిగంటకి సత్యనారాయణ ఇంటినుంచి కారియరు వచ్చింది. మిగతావాళ్లవీ వచ్చాయి. మూత తియ్యగానే కొరమేను పులుసు వాసన.

"రండి సార్, భోంచేద్దాం" అన్నాడు నాతో. తర్వాత, తప్పదు కాబట్టి, "గంగారత్నంగారూ, మీరూ రండి."

"కాగితం చేతికొచ్చాక తింటానండి. మీరు కానివ్వండి" అంది ఆవిడ, బల్లకి నాలుగడుగుల దూరంలో నిలబడి.

ఆ వైపు మనుషుల సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. ఎదురుగా ఒక ఆడమనిషి ఆకలితో నిలబడి ఉండగా వాళ్లకి ముద్ద దిగదు. దోనె పోతే చూడగలరు. సోమవారం రమ్మనగలరు. కాని నిలబడ్డ మనిషి ముందు అన్నం కలపలేరు. సత్యనారాయణ మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు. కానిస్టేబుళ్లు తమ కారియర్లు ఒళ్లో పెట్టుకుని, ఆయన మొదలుపెడతాడేమోనని ఎదురుచూశారు. ఒకడు బయటికెళ్లి తింటానని లేచి, సిగ్గుపడి మళ్లీ కూర్చున్నాడు. మాటామంతీ ఆగిపోయింది. నవ్వులు కూడా.

రెండున్నరకి సత్యనారాయణ కారియరు పక్కకి జరిపి, పుస్తకం లాక్కున్నాడు. "ఏ ఊరు నీది? తండ్రి పేరేంటి?" అన్నాడు. గారు లేదు, అండీ లేదు, ఒక్క పన్ను కనిపించలేదు. గూడెం కృష్ణమూర్తిగారు చెప్పింది అప్పుడు బోధపడింది. పని అవుతోంది.

రాశాక చదివి వినిపించమంది. చదివాడు. "దోనె పోయినది" అని ఉంది. "పోలేదండి. తీసుకుపోయారు. ఎవరు తీసుకుపోయారో కూడా కాగితంలో ఉందండి" అంది. కొట్టేసి మళ్లీ రాశాడు. ఆసామి పేరుతో సహా. కాపీ ఇచ్చాడు. ఆవిడ దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, "భోంచెయ్యండి, చల్లారిపోయింది" అని చెప్పి వెళ్లిపోయింది. నాతో ఏమీ అనలేదు. అన్నా బదులివ్వడానికి నా నోరు ఖాళీగా లేదు కూడా.

అవును. మా వైపు 'రా, తిందువు' అంటే తినడానికే పిలుస్తారు. ఒంటిగంటకి సత్యనారాయణ పిలవగానే నేను వెళ్లి కూర్చున్నాను. ఆ గదిలో ఆ మధ్యాహ్నం అన్నం తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే. పులుసు రెండుసార్లు వేయించుకున్నాను. వచ్చాక ప్రకాశరావుతో, సత్యనారాయణ తన అన్నం నేను తినేస్తున్నానన్న భయంతోనే రాశాడేమోరా, ఆ లెక్కన నేనూ సాయపడినట్టే కదా అన్నాను. వాడు నవ్వలేదు.

దోనె ఇంకా దొరకలేదు. మొన్న ప్రకాశరావు ఫోను చేశాడు. కేసు ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడానికి గంగారత్నం వారానికోసారి ఆ స్టేషనుకి వెళ్తోందట. వెళ్లి కూర్చోదట. ఆవిడ గట్టుమీద నడిచి వస్తుండటం కిటికీలోంచి కనపడగానే, లోపల ముందు కారియర్లన్నీ బల్లకింద దాచేస్తారట. ఇది నేను చూసింది కాదు, వాడు చెప్పింది. వాడికి పెంచి చెప్పే అలవాటు లేదు.